ఎర్రదారం వేసిన వైపు

మా పిన్నికి మిషను సూది మొద్దుబారిన సంగతి చూడకుండానే తెలిసిపోతుంది. గుడ్డలోకి సూది దిగే చప్పుడు మారుతుందట. కొత్తదైతే ఒకలా, అరిగినదైతే ఇంకోలా. నాకు ఎప్పుడు విన్నా రెండూ ఒకటే. ఆ మాట అంటే, "నీకు దేవుడు చెవులిచ్చింది కళ్లజోడు తగిలించుకోవడానికేనే," అంటుంది.

పిన్ని దర్జీ. ఇంటి ముందుగదే ఆమె దుకాణం. కిటికీ కింద కాలితో తొక్కే మిషను, ఎదురుగోడకి నిలువుటద్దం, అద్దం ముందు గుండ్రటి చిన్న చాప. కొలతలకి వచ్చినవాళ్లు, కుట్టిన బట్ట వేసి చూసుకునేవాళ్లు ఆ చాప మీద నిలబడాలి. పిన్ని పెదాల మధ్య గుండుసూదులు బిగించి వాళ్ల చుట్టూ తిరుగుతుంది. ఆ సూదులతోనే మాట్లాడుతుంది కూడా. "పొట్ట లోపలికి లాక్కోకండి, ఇంటికెళ్లాక వదలాలిగా," అని ఎంత పెద్దమనిషినైనా మొహమాటం లేకుండా అనేస్తుంది. వీధిలో పిల్లలకి ఆమె గుండుసూదుల పిన్ని. నాకు మాత్రం సొంత పిన్ని, మా అమ్మ చెల్లెలు. నేను పక్కవీధిలో ఉంటాను కాబట్టి ఇందులో కొంత చూశాను, కొంత ఆమె చెబితే విన్నాను. మిగిలింది బాబాయి నోట్లోంచి బలవంతాన లాగాను.

బాబాయి సిటీ బస్సు డ్రైవరు. దట్టమైన మీసం, వెన్నలాంటి మనసు. బస్సుకి బ్రేకులున్నాయి గానీ ఆయన నోటికి లేవు. ఇంట్లో మంచి పాటల పెట్టె ఒకటి ఉండాలని పెళ్లయిన కొత్తలోనే అనుకున్నాడట. ఆ కల రోజూ ఆయనతోపాటు బస్సెక్కి ఊరంతా తిరిగి, సాయంత్రానికి ఖాళీ చేతులతో ఇంటికి వచ్చేది.

ఒకనాటి మధ్యాహ్నం ఇద్దరూ బజారులో ఉండగా వాన పట్టుకుంది. తలదాచుకోవడానికి ఎక్కిన మెట్లు పాటల పెట్టెలు అమ్మే దుకాణానివి. బేరాలు లేక కూర్చున్న దుకాణదారుడు వీళ్లని లోపలికి పిలిచి, ఎదురుగా కుర్చీలు వేసి ఒక పాట పెట్టాడు. గోడవార ఆ చివరొక స్పీకరు, ఈ చివరొక స్పీకరు. పాడుతున్నది ఎవరో ఆడమనిషి. అయితే ఆ గొంతు ఆ పెట్టెలోంచీ రావడం లేదు, ఈ పెట్టెలోంచీ రావడం లేదు. రెండింటికీ నడిమధ్య, ఏమీ లేనిచోట, ఆమె నిలబడి పాడుతోంది. ఊపిరి తీసుకోవడం కూడా అక్కడినుంచే వినపడుతోంది. పిన్ని కలలో నడిచినట్టు లేచి వెళ్లి, ఆ ఖాళీలోకి చెయ్యి చాపింది.

"ఇక్కడే ఉందండీ ఆవిడ!" అంది.

దుకాణదారుడు నవ్వాడు. "రెండు పెట్టెలూ కూడబలుక్కుని ఒకేసారి ముందుకి తోస్తాయమ్మా. అప్పుడు మీ చెవులే ఆవిడని తెచ్చి మధ్యలో నిలబెడతాయి. ఒకటి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగిందనుకోండి, ఆవిడ రాదు."

వాన వెలిసినా వాళ్లు కదల్లేదట. ఆ రోజునుంచి ఇంట్లో ఆ గాయనికి 'ఆవిడ' అనే పేరు స్థిరపడింది. ఆవిడ ఎప్పటికైనా తన ఇంటికి వచ్చి, తన అద్దం ముందు చాప మీద నిలబడి పాడాలని పిన్ని కోరిక. తను కుట్టుకుంటూ వింటుందట. చీరలు నగలు అడిగే భార్యలని చూశాను గానీ, మనిషి లేని గొంతుని అడిగిన భార్యని ఈమెనే చూశాను.

చివరికి బాబాయి కొన్నాడు. కొత్తవి కాదు. డిపోలో మెకానిక్ ఇల్లు మారుతూ అమ్మేస్తున్నవి. "ఒక్కసారి పెట్టించుకుని వినండి," అని పిన్ని చెప్పింది. "నేను ఇంజను చప్పుడు విని రోగం చెప్పేవాణ్ణి, నాకా చెప్తావు?" అని మీసం దువ్వుకుంటూ వెళ్లి, వినకుండానే తెచ్చాడు. డిపో అంతా టముకు వేసుకున్నాడు కూడా.

పెట్టెల ముందు గుడ్డలు చిరిగి ఉంటే పిన్ని పల్చటి గుడ్డతో కొత్త ముసుగులు కుట్టింది. అద్దానికి అటొకటి ఇటొకటి నిలబెట్టారు. ఇక వైర్లు మిగిలాయి. పాటని స్పీకర్లకి పంపే యాంప్లిఫయరు వెనక ఒక్కో స్పీకరుకీ ఒక ఎర్ర క్లిప్పు, ఒక నల్ల క్లిప్పు ఉంటాయి. స్పీకరు వెనకా అంతే. ఇక్కడ ఎరుపులోంచి బయలుదేరిన తీగ అక్కడ ఎరుపులోకే చేరాలి, నలుపులోంచి వచ్చింది నలుపులోకి. వైరులో రెండు తీగలు పక్కపక్కనే అతుక్కుని ఉంటాయి. ఒకదాని మీద గీత ఉన్నది కొంటే ఏ గొడవా ఉండేది కాదు. బాబాయి తెచ్చిన దాంట్లో రెండూ కవలపిల్లలు, ఏది ఏదో తల్లికి కూడా తెలియదు.

పిన్నికి అదొక లెక్కా? గుడ్డ అంచు పట్టుకుని పోయినట్టు ఒక తీగ వెంట వేలు జరుపుకుంటూ పోయి, ఆ తీగకే రెండు చివర్లా ఎర్రదారం ముడివేసింది. ఇక్కడే ఉంది తిరకాసు. కొన్ని గుడ్డలకి ఏది పైవైపో ఏది తిరగవైపో చూస్తే తెలియదు. అందుకని పిన్ని కత్తిరించేముందే తిరగవైపున ఎర్రదారంతో ఒక కుట్టు వేసి పెట్టుకుంటుంది. ఆమె చేతికి ఎర్రదారం అంటే లోపలికి పోవలసిన వైపు, వెనకవైపు. కాబట్టి ఎర్రదారం ఉన్న తీగని ఆమె మారు ఆలోచన లేకుండా నల్ల క్లిప్పులో పెట్టింది. ఎడమ స్పీకరుకి రెండు చివర్లూ తనే బిగించింది కాబట్టి అది సరిగ్గా కుదిరింది. కుడి స్పీకరుకి యాంప్లిఫయరు వైపు చివర బిగించేసరికి ఎవరో కోటు తీసుకెళ్లడానికి వచ్చారు. "ఆ చివర మీరు పెట్టేయండి," అని లేచింది. బాబాయి వంగి చూశాడు. ఎర్రదారం కనపడింది, ఎర్ర క్లిప్పు కనపడింది. ఇంకేం కావాలి? ఎరుపుని ఎరుపులో పెట్టేసి చేతులు దులుపుకున్నాడు.

కోటు ఆయన వెళ్లాక పాట పెట్టారు. దుకాణంలో విన్న అదే పాట.

ఆవిడ రాలేదు. గొంతు ఉంది గానీ ఎక్కడుందో తెలియదు. గోడలమీదా, కప్పుమీదా, పిన్ని తల వెనకా పొగలాగా పరుచుకుని ఉంది. కింద గుండెల్లో మోగవలసిన మృదంగం ఎవరో దిండు కింద పెట్టి కొట్టినట్టుంది. పిన్ని అద్దంకేసి చూసింది. చాప ఖాళీగా ఉంది. అయోమయంగా బాబాయి వైపు తిరిగింది.

బాబాయికీ అదే వినపడింది. వినకుండా కొన్నాడు, డిపో అంతా చెప్పుకున్నాడు, ఇప్పుడు పెట్టెలు పాడైపోయినవని ఏ మొహంతో ఒప్పుకుంటాడు? కళ్లు అరమోడ్చి తల ఊపుతూ, "ఆహా! అదిగో, చాప మీదే నిలబడింది చూడు ఆవిడ," అని వేలు పెట్టి మరీ చూపించాడు.

అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. బాబాయి జన్మలో ఆడిన అబద్ధాలన్నిట్లోకీ ఇదొక్కటే అంత బాగా అతికింది. "అవును, వచ్చింది," అంది పిన్ని. అని, మిషను దగ్గరికి వెళ్లి కూర్చుంది. కాళ్లు తొక్కడం మర్చిపోయాయి.

ఎందుకంటే మా అమ్మమ్మకి చెవుడు వచ్చింది సరిగ్గా పిన్నికి ఇప్పుడున్న వయసులోనే. ఒక్కసారిగా రాలేదు. ముందు గొంతులు పల్చబడ్డాయి, తర్వాత ఎటునుంచి వస్తున్నాయో తెలియకుండా పోయాయి, ఆ తర్వాత అసలు రాలేదు. అందరూ నవ్వినప్పుడు అమ్మమ్మ కూడా నవ్వేది, కాస్త ఆలస్యంగా. మా మొహాలు చూసి, ఇది నవ్వే చోటు కాబోలు అనుకుని నవ్వేది. ఆ ఆలస్యం చూస్తే నాకు ఏడుపొచ్చేది. తర్వాత్తర్వాత అమ్మమ్మకి ఎవరూ ఏ కబురూ రెండోసారి చెప్పడం మానేశారు. పిన్ని భయమంతా అదే. చప్పుళ్లు పోతాయని కాదు, తనూ ఒకరోజు ఆ ఆలస్యపు నవ్వు నవ్వవలసి వస్తుందని.

ఎవరికీ చెప్పలేదు. డాక్టరు దగ్గరికీ పోలేదు. చెబితే నిజమైపోతుందని భయం. అనుమానం పెనుభూతం అని ఊరికే అనలేదు. ఇంటికొచ్చిన నన్ను ఒకసారి పాట పెట్టి, "ఆవిడ ఎక్కడ నిలబడిందే?" అని అడిగింది. "ఏ ఆవిడ?" అన్నాను. నాకు పాటంటే పాటే, అది నిలబడుతుందా కూర్చుంటుందా నాకెందుకు? పిన్ని పాట ఆపేసింది.

ఆ తర్వాత ఆమె చప్పుళ్లు దాచుకోవడం మొదలుపెట్టింది.

ఇది నాకు చాలా తర్వాత చెప్పింది, కత్తెరకి పదును పెట్టుకుంటూ, ఏదో పక్కింటి సంగతి చెబుతున్నట్టు. వినపడినన్నాళ్లూ విని పెట్టుకుంటే తర్వాత తలుచుకోవచ్చని ఆమె ఆలోచన. మిషను ఆపి, కళ్లు మూసుకుని, ఒక్కో చప్పుడునీ పట్టుకునేది. పట్టుగుడ్డలో కత్తెర నడిచే చప్పుడు. గుండీల డబ్బాలో వేళ్లు పెట్టి కలిపితే వచ్చేది. ముగ్గురు పిల్లల తల్లి ఒకామె కొలతలిస్తూ, మనసులో ఏదో గుర్తొచ్చి తనలో తను చిన్నగా నవ్వితే, అది కూడా. కిటికీ పైన రేకు మీద వాన మొదటి చినుకులు, అవి పెద్దవై ఒకటిగా కలిసిపోయే క్షణం. సాయంత్రం బాబాయి తలుపవతల తాళాల గుత్తి వెతుక్కునే గలగల. తలుపు తెరిచే ఉందని తెలిసి కూడా ఆయన వెతుక్కుంటాడు. ముందు ఆ అలవాటుకి విసుక్కునేది. ఇప్పుడు లోపల ఊపిరి బిగపట్టి వినేది, ఇంకాసేపు వెతుక్కుంటే బాగుండునని.

అవన్నీ ఆమె కలల్లోకి వచ్చేవట. కలలో ఒక పొడుగాటి గది, గది నిండా అరలు, అరల నిండా మడతపెట్టిన బట్టలు. ఒక్కో మడతా విప్పితే అందులోంచి ఒక చప్పుడు జారి నేలమీద పడేది. తాళాల గుత్తి, చినుకు, కత్తెర, ఎవరిదో నవ్వు. చిట్టచివరి అరలో ఒక తెల్లగుడ్డ ఉండేది. దాన్ని విప్పితే ఏమీ పడేది కాదు. ఆవిడది అదే అని కలలోనే తెలిసేది. మళ్లీ జాగ్రత్తగా, అంచులు కలిపి మడతపెట్టేదట. ఆ మాట విన్నప్పుడు నాకు బాబాయి మీద ఒళ్లు మండిపోయింది.

పెదాలు చదవడం కూడా నేర్చుకోవడం మొదలుపెట్టింది. అన్నం తింటూ బాబాయి డిపో కబుర్లు చెబుతుంటే చెవుల్లో వేళ్లు పెట్టుకోలేక, మనసుని చెవుల నుంచి కళ్లలోకి తెచ్చుకుని ఆయన నోటివంకే చూసేది. ఇన్నేళ్ల తర్వాత భార్య అలా రెప్పవాల్చకుండా చూస్తుంటే బాబాయి ఏమనుకున్నాడో ఊహించుకోండి. రోజూ మీసం నున్నగా దువ్వుకుని భోజనానికి కూర్చోవడం మొదలుపెట్టాడు. అయితే పై పెదవిని కప్పేసేది ఆ మీసమే.

ఒకరోజు పిన్ని, "ఏవండీ, ఆ మీసం తీసేయరాదూ?" అంది.

"ఎందుకే?"

"ఊరికే. చూడాలనుంది."

పెళ్లినాటి నుంచి ఉన్న మీసం. డిపోలో ఆయన్ని 'మీసాలాయన' అంటేనే గుర్తుపడతారు. బాబాయి ఇంకొక్క ప్రశ్న వెయ్యలేదు. మర్నాడు పొద్దున్నే గీయించుకుని వచ్చి, తేలు కుట్టిన దొంగలా గుమ్మంలో నిలబడ్డాడు. పెట్టెల విషయంలో తను చేసిన తప్పుకి అదైనా చిన్న పరిహారమనుకున్నాడేమో. నేను చూసి పడీపడీ నవ్వాను. పిన్ని మాత్రం దగ్గరికి వెళ్లి, ఆ కొత్త పెదవిని వేలితో తడిమి, లోపలికి వెళ్లిపోయింది.

ఒక మబ్బు పట్టిన మధ్యాహ్నం. పని లేదు. పిన్నికి వాళ్లమ్మ గుర్తొచ్చింది. అమ్మమ్మకి పూర్తిగా చెవుడొచ్చాక ఒక అలవాటుండేది. ఎవరైనా రేడియో పెడితే పక్కన కూర్చుని, దాని మీద అరచెయ్యి ఆనించి వినేది. 'ఇప్పుడు ఏడుస్తోందా పాట?' అని అడిగేది. చాలాసార్లు సరిగ్గానే చెప్పేది. ఎలాగూ నేర్చుకోవలసిందే కదా, ఇప్పటినుంచే నేర్చుకుంటే పోలా, అనుకుంది పిన్ని.

రెండు స్పీకర్లనీ అద్దం దగ్గర్నుంచి జరిపి, తన ముక్కాలిపీటకి అటూ ఇటూ దగ్గరగా పెట్టుకుంది. తను కుట్టిన ముసుగుగుడ్డలు విప్పింది. లోపల నల్లటి కాగితపు గిన్నెలు. ఒకదాని మీద ఎడమ అరచెయ్యి, ఇంకోదాని మీద కుడి అరచెయ్యి మెల్లగా ఆనించింది. చేతులు ఖాళీ లేవు కాబట్టి, నేలమీదున్న స్విచ్చుని కాలి బొటనవేలితో నొక్కింది. మిషను తొక్కీ తొక్కీ ఆమె కాళ్లకి చేతులకున్నంత తెలివి ఉంది.

యాంప్లిఫయరు వెలిగేటప్పుడు స్పీకర్లలో 'ధబ్'మని ఒక్క దెబ్బ వస్తుంది. ఆ దెబ్బకి ఎడమ గిన్నె ఆమె అరచేతిని బయటికి తోసింది. కుడి గిన్నె అరచేతి కిందినుంచి లోపలికి జారుకుంది.

పిన్ని స్విచ్చు ఆపి, ఆగి, మళ్లీ వేసింది. ఇది తోసింది, అది లాక్కుంది. ఇంకోసారి. ఒకటి ఊపిరి వదులుతుంటే రెండోది పీలుస్తోంది. వాన పడుతున్న ఆ దుకాణం, దుకాణదారుడి నవ్వు, 'ఇంకోటి వెనక్కి లాగిందనుకోండి, ఆవిడ రాదు' అన్న మాట అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. పైగా ఇది ఆమెకి తెలియని సంగతేం కాదు. మఖమలు గుడ్డ కత్తిరించేటప్పుడు నూగు రెండు ముక్కలకీ ఒకే వైపు వాలాలి. రెండూ పైకి ఉన్నా ఫరవాలేదు, రెండూ కిందికి ఉన్నా ఫరవాలేదు. ఒకటి పైకి ఒకటి కిందికి ఉంటేనే కోటు పాడు.

కుడి స్పీకరుని వెనక్కి తిప్పింది. ఎర్ర క్లిప్పులో ఎర్రదారం.

"నా ఎర్రదారం పైవైపున ఎప్పుడు పెట్టాను నేను?" అని పైకే అంది. ఆ గొంతు తనకి వినపడిందట, ఎప్పుడూ లేనంత స్పష్టంగా.

స్విచ్చు ఆపింది. ప్లగ్గు పీకింది. రెండు తీగలూ అటుదిటు, ఇటుదటు మార్చింది. పెట్టెలని మోసుకుని అద్దానికి అటూ ఇటూ తీసుకెళ్లి నిలబెట్టింది. అయినా రాకపోతే? అప్పుడిక చెవులదే తప్పు. వైరు మీదకి నెట్టడానికి ఏమీ మిగలదు. ప్లగ్గు పెట్టి, పాట పెట్టి, మిషను దగ్గరికి వచ్చి, కిటికీ వైపు తిరిగి కూర్చుంది. చూడటానికి ధైర్యం చాల్లేదు.

ఆవిడ వచ్చింది.

ఊపిరి తీసుకుంది, మొదటి మాట అంది. పిన్ని వెనక్కి తిరిగితే చాప ఖాళీగానే ఉంది, అద్దంలో తన మొహమే ఉంది. అయినా చాప మీద ఆవిడ ఉంది. గొంతు ఏ ఎత్తునుంచి వస్తోందో తెలుస్తోంది. కాస్త పొట్టి మనిషి, కుదిమట్టంగా, మెడ నిటారుగా పెట్టి పాడుతోంది. భుజాల కొలత కూడా రాసుకోవచ్చు అనిపించింది పిన్నికి. మృదంగం దిండు కిందనుంచి లేచి వచ్చి నేలలోంచి ఆమె పాదాలని తాకింది. పాట అయిపోతే మళ్లీ పెట్టింది. ఏడుస్తూనే విన్నది. వాన మొదలైంది, వెలిసింది, కిటికీలో వెలుగు పసుపు తిరిగింది.

తలుపవతల తాళాల గలగల. బాబాయి లోపలికి వస్తూ, పాట వినగానే అలవాటు కొద్దీ, "ఆహా, అదిగో ఆవిడ చాప మీద..." అని వేలు ఎత్తాడు. ఎత్తిన వేలు గాలిలోనే ఉండిపోయింది. చాపకేసి చూస్తూ గోడవారగా జరిగాడు, ఎవరికో దారి ఇచ్చినట్టు.

"వచ్చేసిందే!" అన్నాడు.

"అంటే ఇన్నాళ్లూ రాలేదన్నమాట," అంది పిన్ని.

లేచి పాట ఆపింది. గదిలో రేకు మీదనుంచి జారే నీటిబొట్ల చప్పుడు మిగిలింది.

"మీరు అక్కడే నిలబడండి. నేను అటు తిరుగుతాను. నిజం చెప్పండి. మెల్లగా చెప్పండి."

ఆమె కిటికీ వైపు తిరిగి నిలబడింది. వెనకనుంచి, బస్సులో పక్క సీటుకి కూడా వినపడనంత మెల్లగా, బాబాయి గొంతు వచ్చింది.

"మొదటిరోజు నాకూ కనపడలేదే ఆవిడ. నేనే వినకుండా కొన్నాను కదా, పరువు పోతుందని ఉందన్నాను."

"వినపడింది," అంది పిన్ని. కిటికీకేసి చూస్తూనే. "ప్రతి మాటా వినపడింది."

అప్పుడు ఇటు తిరిగి, చేతిలో ఉన్న కొలత టేపు ఆయన మీదకి విసిరేసి, చాప మీద కూలబడి మొత్తం చెప్పింది. వాళ్లమ్మ సంగతి చెప్పింది, అరల సంగతి చెప్పింది, తెల్లగుడ్డ సంగతి చెప్పింది. బాబాయి ఒక్క మాటకి కూడా అడ్డం రాకుండా విన్నాడట, ఆయన జీవితంలో మొదటిసారి. పెదాలు చదవడం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యి దానంతటదే పై పెదవి మీదకి పోయింది. అక్కడే ఆగిపోయింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

కాసేపటికి ఆయన ఆమె ఎదురుగా చాప మీద కూర్చుని, అరచెయ్యి మొత్తంగా నోటికి అడ్డం పెట్టుకుని, ఆ చెయ్యి చాటునుంచి గుసగుసగా అడిగాడు.

"మరి మీసం పెంచుకోనా?"

"పెంచుకోండి," అంది పిన్ని, ఒక్క క్షణం కూడా ఆలస్యం లేకుండా.